చివరిదాకా చదివించే బ్లాగు పోస్టు రాయడం ఎలా: ఆలోచన నుంచి పబ్లిష్ అయ్యాక చేసే సవరణల దాకా

"కష్టపడి రాశాను, ఎవరూ చదవట్లేదు" అనేవాళ్లు ఆ వెంటనే అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఎన్ని పదాలు ఉండాలి? రోజుకొకటి రాయాలా? కీవర్డ్ (జనం సెర్చ్‌లో కొట్టే మాట) ఎన్నిసార్లు రావాలి? ఈ మూడింటి గురించీ పెద్దగా టెన్షన్ పడక్కర్లేదని నా అభిప్రాయం. ఈ పోస్టు ఎవరి కోసం, వాళ్ల ఏ ప్రశ్నకి జవాబు అన్నది రాసేవాళ్లకి స్పష్టంగా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అది తెలియకపోతే ఎన్ని పదాలు రాసినా చదివేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు.

ఈ గైడ్ అంతా ఒకే ఉదాహరణతో నడుస్తుంది. "ఫోన్లో స్టోరేజ్ నిండిపోతే ఏం చేయాలి" అని ఒక పోస్టు రాస్తున్నాం అనుకుందాం. మీరు రాసేది తోటపని గురించైనా, పరీక్షల ప్రిపరేషన్ గురించైనా అడుగులు ఇవే, వరస కూడా ఇదే.

## 1. విషయాన్ని ప్రశ్నగా మార్చండి

"ఫోన్ స్టోరేజ్" అనేది విషయం. దాని మీద ఎంతైనా రాయొచ్చు, ఎక్కడా ఆపలేం. "ఫొటోలు పోకుండా ఫోన్లో ఖాళీ చేసుకోవడం ఎలా?" అనేది ప్రశ్న. దీనికి జవాబు ఉంది కాబట్టి ఏది రాయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవచ్చు.

ప్రశ్న కుదిరిందో లేదో చూడటానికి ఈ వాక్యంలో ఖాళీలు పూరించండి:

"______ పరిస్థితిలో ఉన్న మనిషి, ఇది చదివాక ______ చేయగలగాలి."

మన ఉదాహరణలో ఇలా వస్తుంది: "ఫొటో తీయబోతే స్టోరేజ్ ఫుల్ అని చూపిస్తున్న మనిషి, ఇది చదివాక పాత ఫొటోలు పోగొట్టుకోకుండా తనంతట తాను ఖాళీ చేసుకోగలగాలి."

రెండో ఖాళీలో "అవగాహన పెంచుకోవాలి" లాంటి మాటలే వస్తున్నాయంటే మీరింకా విషయం దగ్గరే ఆగిపోయారు. అభిప్రాయ వ్యాసానికీ ఇది పనికొస్తుంది. అక్కడ రెండో ఖాళీలో "ఫలానా దాని గురించి ఒక నిర్ణయానికి రాగలగాలి" అని ఉంటుంది.

ఒక పోస్టులో రెండు ప్రశ్నలు దూరితే విడగొట్టండి. "కొత్త ఫోన్ కొనేటప్పుడు ఎంత స్టోరేజ్ తీసుకోవాలి?" అని అడిగేవాళ్లు ఇంకా ఫోన్ కొననివాళ్లు, వాళ్లకి తొందరేం లేదు. ఫోన్ నిండిపోయి ఇబ్బంది పడుతున్నవాళ్లతో కలిపి రాస్తే ఇద్దరికీ సగం సగం జవాబే దొరుకుతుంది.

## 2. జనం ఏ మాటల్లో అడుగుతున్నారో చూడండి

సెర్చ్ బాక్సులో మీ ప్రశ్నలోని మొదటి రెండు మూడు మాటలు కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతికేవాటికి దగ్గరగా ఉంటాయి. ఫలితాల మధ్యలో, పేజీ అడుగున కనిపించే అనుబంధ ప్రశ్నలు కూడా రాసుకోండి.

ఏ మాటని జనం ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అందులో కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో అత్యధికంగా వెతికిన సమయాన్ని 100గా పెట్టి మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తాయి. రెండు మాటల్లో ఏది ఎక్కువ వాడుకలో ఉందో తేల్చుకోవడానికి అది చాలు.

వీటన్నిటికంటే ఎక్కువ సరుకు దొరికేది అదే విషయం మీద ఉన్న వీడియోల కింద కామెంట్లలో. "ఇలా చేస్తే వాట్సాప్‌లో మెసేజ్‌లు పోతాయా?", "క్లియర్ చేశాక మళ్లీ లాగిన్ అడుగుతుందా?" లాంటివి కనిపిస్తాయి. సెర్చ్ సూచనల్లో ప్రశ్నలే ఉంటాయి, కామెంట్లలో భయాలు కూడా ఉంటాయి. ఆ భయాలకి జవాబు చెప్పిన పోస్టునే జనం ఇంకొకరికి పంపుతారు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఒకే మనిషి ఒకసారి తెలుగు లిపిలో, ఇంకోసారి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, మరోసారి నేరుగా ఇంగ్లిష్‌లో వెతుకుతారు. లేదంటే మైక్ నొక్కి అడుగుతారు. అన్నిటినీ పోస్టులో కుక్కాల్సిన పని లేదు. నోటితో ఎలా అంటారో అలా రాస్తే చాలావరకు సరిపోతుంది. "నిల్వ సామర్థ్యం" అని ఎవరూ అనరు, "స్టోరేజ్" అనే అంటారు. శీర్షికలో, మొదటి పేరాలో ఆ మాటే ఉండాలి.

కీవర్డ్‌ని లెక్కపెట్టి పదేపదే దూర్చడం మాత్రం మానేయండి, గూగుల్ దాన్ని స్పామ్ కింద చూస్తుంది. పేజీ కోడ్‌లో చదివేవాళ్లకి కనబడకుండా ఉండే కీవర్డ్స్ మెటా ట్యాగ్ నింపడం కూడా వృథా శ్రమే. ర్యాంకింగ్‌లో, అంటే ఫలితాల వరస తేల్చడంలో దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. అయినా ఈ సలహా ఇంకా తిరుగుతూనే ఉంది.

చివరగా, అదే ప్రశ్నకి ముందు వరసలో ఉన్న నాలుగైదు పోస్టులు చదవండి. వాటిలో ఏం లేదో ఒక వాక్యంలో రాసుకోండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ ప్రశ్న వదిలేసి ఇంకోటి చూసుకోవడమే మంచిది.

## 3. రాయడానికి కూర్చునే ముందు సరుకు పోగెయ్యండి

చాలా పోస్టులు చప్పగా ఉండటానికి భాష కారణం కాదు. రాసినవాళ్లు ఆ పని స్వయంగా చేయకుండా, నాలుగు చోట్ల చదివి కలిపి రాయడం కారణం. కాబట్టి ముందు ఫోన్ చేతిలోకి తీసుకుని మీరు చెప్పబోయే ప్రతి అడుగూ చేసి చూడండి. చేస్తున్నప్పుడే నోట్స్ రాసుకోండి: ఏ మెనూ పేరు ఏమని ఉంది, నొక్కాక తెర మీద ఏం వచ్చింది, ఎక్కడ తటపటాయించారు. తటపటాయించిన చోటు ముఖ్యం. చదివేవాళ్లు ఆగిపోయేది కూడా అక్కడే.

సెర్చ్‌లో వచ్చే పేజీల నాణ్యతను అంచనా వేసేవాళ్లకి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం అనే మూడింటికి 2022 డిసెంబరులో "అనుభవం" కూడా చేర్చింది. సెర్చ్ సంగతి పక్కన పెట్టినా, చేసి చూసినవాళ్లు రాసినదీ చూడకుండా రాసినదీ రెండు పేరాలు చదివేసరికే తెలిసిపోతుంది.

నోట్స్‌ని మూడు కుప్పలుగా వేరు చేయండి:

- నేను చేసి చూసినవి
- తయారుచేసిన సంస్థ సహాయ పేజీలో, లేదా అంతే నమ్మదగిన చోట చదివినవి
- ఎక్కడో విన్నవి

మూడో కుప్పలోది ఏదైనా మొదటి రెండింటిలోకి మారితేనే పోస్టులోకి రావాలి. "క్యాష్ క్లియర్ చేస్తే ఫొటోలు పోతాయి" అని వినే ఉంటారు. చేసి చూస్తే తేడా తెలుస్తుంది. క్యాష్ అంటే యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు, అవి తీసేస్తే మళ్లీ తయారవుతాయి. డేటా క్లియర్ చేస్తే మాత్రం యాప్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు మొదటికి వస్తుంది, లాగిన్లూ సెట్టింగ్‌లూ పోతాయి. పక్కపక్కనే ఉండే రెండు బటన్ల మధ్య ఈ తేడా ఒక్కటి సరిగ్గా చెప్పినా మీ పోస్టుకి విలువ వస్తుంది.

ఏఐ టూల్స్‌ని ప్రశ్నలు పోగేయడానికి, చిత్తుప్రతిలో ఏం వదిలేశామో అడగడానికి వాడుకోండి. వాస్తవాల కోసం వాటి మీద ఆధారపడొద్దు. లేని మెనూని ఉన్నట్టు, కాస్త కూడా అనుమానం రాకుండా చెప్పేస్తాయి. అవి చెప్పింది మూడో కుప్పలోదే అనుకోండి.

## 4. వరస తేల్చండి, ఉపశీర్షికలు ముందే రాయండి

మీరు నేర్చుకున్న వరస వేరు, చదివేవాళ్లు చేయాల్సిన వరస వేరు. రెండోదే కాగితం మీద పెట్టండి. మన పోస్టుకి ఇలా రావచ్చు:

1. ఏది ఎక్కువ జాగా తింటోందో చూడటం
2. ఫొటోలు బ్యాకప్ అయ్యాయో లేదో నిర్ధారించుకోవడం
3. వాట్సాప్‌లో పేరుకున్న పెద్ద ఫైళ్లు తీసేయడం
4. వాడని యాప్‌లు తొలగించడం
5. క్యాష్ క్లియర్ చేయడం
6. ట్రాష్ ఖాళీ చేయడం

ట్రాష్ ఖాళీ చేయడం చివర్లో ఉండటానికి కారణం ఉంది. డిలీట్ చేసిన ఫొటోలు కొన్నాళ్లపాటు ట్రాష్‌లో ఉంటాయి. పొరపాటున తీసేసింది వెనక్కి తెచ్చుకునే దారి అదే. దాన్ని ముందే ఖాళీ చేయిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ప్రతి అడుగునూ ఇలా "ఇది ఇక్కడే ఎందుకు?" అని అడగండి. జవాబు లేని అడుగు ఎక్కడున్నా ఒకటే అయితే దాన్ని చివరికి నెట్టండి.

అడుగులు రాసేటప్పుడు ఈ నాలుగూ పాటించండి.

హెచ్చరిక పనికి ముందే రావాలి. "డేటా క్లియర్ నొక్కండి. అయితే నొక్కే ముందు బ్యాకప్ తీసుకోవడం మర్చిపోకండి" అని రాసిన పోస్టులు కొల్లలు. గైడ్ చదివేవాళ్లు వాక్యం పూర్తవగానే పని చేసేస్తారు. రెండో వాక్యానికి వచ్చేసరికి డేటా పోయి ఉంటుంది.

ఒక అడుగులో ఒకే పని. "సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్టోరేజ్ తెరిచి, యాప్ ఎంచుకుని, క్యాష్ క్లియర్ చేసి బయటికి రండి" అన్నది ఒక అడుగు కాదు. మధ్యలో ఒక మెనూ కనబడకపోతే ఎక్కడ తప్పిపోయారో వాళ్లకే తెలియదు.

ఫలితం చెప్పండి. "వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి. ఏ చాట్ ఎంత జాగా తీసుకుందో వరసగా కనిపిస్తుంది." రెండో వాక్యం ఉంటేనే సరైన చోటికి వచ్చామన్న ధైర్యం వస్తుంది.

కనబడకపోతే ఏం చేయాలో చెప్పండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి మెనూ పేర్లు మారతాయి. "ఈ పేరుతో లేకపోతే సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్‌లో స్టోరేజ్ అని కొట్టండి" అని ఒక్క వాక్యం రాస్తే చాలామందిని ఆదుకున్నట్టే.

ఉపశీర్షికలు రాశాక వాటిని మాత్రమే పైనుంచి కిందికి చదవండి. పోస్టు సారాంశం అర్థమైతే రాయడం మొదలుపెట్టొచ్చు. "పరిచయం", "ప్రాముఖ్యత", "ముగింపు" అని ఉంటే ఏమీ అర్థం కాదు, అవి తీసేయండి.

## 5. చిత్తుప్రతి ఒకే ఊపులో రాయండి

ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. ఒక ఉపశీర్షిక కింద చెప్పాల్సింది చెప్పి తర్వాతిదానికి వెళ్లండి. వెనక్కి వచ్చి దిద్దకండి. తెలియని అంకె, గుర్తురాని పేరు వస్తే "చూడాలి" అని రాసి ముందుకు సాగండి, తర్వాత ఆ మాటని వెతికి పూరించొచ్చు.

కీబోర్డు మీద చెయ్యి సాగకపోతే వాయిస్ టైపింగ్ ఆన్ చేసి, ఎదురుగా ఒక స్నేహితుడు కూర్చున్నట్టు చెప్పండి. తప్పులు వస్తాయి, దిద్దుకోవచ్చు. కానీ రాసేటప్పుడు రాని సహజమైన వాక్యం మాట్లాడేటప్పుడు వస్తుంది.

## 6. మొదటి పేరా చివర్లో రాయండి

పోస్టు అంతా రాశాకే అందులో ఏముందో మీకు పూర్తిగా తెలుస్తుంది. అందుకే మొదటి పేరా ఆఖర్న. మామూలుగా కనిపించే ఆరంభం ఇది:

> నేటి ఆధునిక యుగంలో స్మార్ట్‌ఫోన్ మానవ జీవితంలో ఒక భాగమైపోయింది. ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు మనం ఫోన్‌ను ఉపయోగిస్తూనే ఉంటాం. అయితే స్టోరేజ్ సమస్య చాలామందిని వేధిస్తోంది. ఈ వ్యాసంలో దాని గురించి వివరంగా తెలుసుకుందాం.

నాలుగు వాక్యాలు చదివినా చదివేవాళ్లకి కొత్తగా ఏమీ తెలియలేదు. ఫోన్ నిండిపోయిందనే కదా వాళ్లు ఇక్కడికి వచ్చింది. ఇదే పోస్టు ఇలా మొదలైతే?

> స్టోరేజ్ ఫుల్ అని రాగానే చాలామంది ఫొటోలు డిలీట్ చేయడం మొదలుపెడతారు. దానికి తొందరపడకండి. ముందు వాట్సాప్‌లో పేరుకున్న వీడియోలు, నెలల తరబడి తెరవని యాప్‌లు చూడండి. చాలాసార్లు ఈ రెండింటితోనే పనైపోతుంది, ఫొటోల జోలికే వెళ్లక్కర్లేదు. ఒకవేళ వెళ్లాల్సి వచ్చినా అవి పోకుండా ఏం చేయాలో రెండో అడుగులో ఉంది.

మొదటి వాక్యంలోనే చదివేవాళ్లు ఉన్న పరిస్థితి ఉంది. వెంటనే జవాబులో కొంత చేతికొచ్చింది, పెద్ద భయానికి సమాధానం ఎక్కడ ఉందో కూడా తెలిసింది. జవాబు ముందే చెప్పేస్తే మిగతాది చదవరేమో అని కొందరి భయం. నిజానికి జరిగేది వేరు: మొదటి జవాబు పనికొచ్చేలా ఉంటేనే మిగతాది చదవాలనిపిస్తుంది.

ఒక పరీక్ష. మీ మొదటి పేరా కొట్టేసి రెండో పేరా నుంచి చదవండి. ఏమీ పోయినట్టు అనిపించకపోతే నిజంగానే కొట్టేయండి. ఆశ్చర్యంగా చాలా పోస్టులు రెండో పేరా దగ్గరే మొదలవుతాయి.

## 7. వాక్యాలు సరిచేయండి

ఎక్కువ సమయం కేటాయించాల్సిన అడుగు ఇదే.

తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. మధ్యలో ఎన్ని సంగతులు ఇరికిస్తే, అసలు ఏం చేయాలో తెలియడానికి చదివేవాళ్లు అంతసేపు ఆగాలి. ఇది చూడండి:

> గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేయబడి ఉండి, వైఫై ద్వారా అప్‌లోడ్ పూర్తయిన తర్వాత మాత్రమే ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ ఫొటోలను తొలగించే ఆప్షన్‌ను ఉపయోగించడం సురక్షితంగా పరిగణించబడుతుంది.

వ్యాకరణం తప్పు లేదు, ఊపిరి మాత్రం ఆడదు. విడగొడితే:

> ముందు గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అప్‌లోడ్ పూర్తయిందని చూపించేదాకా ఆగండి. ఆ తర్వాతే ఫోన్లో ఉన్న ఒరిజినల్ ఫొటోలు తీసేసే ఆప్షన్ వాడండి.

పైగా వరస కూడా దానంతట అదే సర్దుకుంది.

ఇంకొన్ని అలవాట్లు వెతికి పట్టుకోవాలి. ఎడిటర్‌లోని ఫైండ్ ఆప్షన్‌తో ఒక్కొక్కటీ వెతకండి:

- చేయడం జరిగింది: "ఫైల్‌ను డిలీట్ చేయడం జరిగింది" అంటే ఎవరు చేశారో తెలియదు. "యాప్ ఆ ఫైల్‌ని డిలీట్ చేసింది" అనండి.
- బడింది, బడుతుంది: "ఫొటోలు సేవ్ చేయబడతాయి" బదులు "ఫొటోలు సేవ్ అవుతాయి".
- యొక్క: "ఫోన్ యొక్క మెమరీ" బదులు "ఫోన్ మెమరీ". చాలాచోట్ల తీసేసినా అర్థం మారదు.
- మరియు: "ఫొటోలు మరియు వీడియోలు" బదులు "ఫొటోలు, వీడియోలు" లేదా "ఫొటోలూ వీడియోలూ".
- కలిగి ఉంది: "ఈ యాప్ మూడు ఆప్షన్లను కలిగి ఉంది" బదులు "ఈ యాప్‌లో మూడు ఆప్షన్లు ఉన్నాయి".
- మనందరికీ తెలిసిందే: తెలిసిందే అయితే చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్ మాటల గురించి ఒక నియమం చాలు. తెర మీద ఏం కనిపిస్తుందో అదే రాయండి. బటన్ మీద "డిలీట్" అని ఉంటే మీరు "తొలగింపు మీట నొక్కండి" అంటే వాళ్లు ఆ మీట కోసం వెతుకుతూ కూర్చుంటారు. మెనూ పేర్లు కానిచోట మాత్రం తేలికైన తెలుగు మాట ఉంటే అదే వాడండి.

ఒకసారి ఎంచుకున్న పేరు చివరిదాకా మార్చొద్దు. ఒక పేరాలో స్టోరేజ్, తర్వాత మెమరీ, ఆ తర్వాత నిల్వ అని రాస్తే ఇవి మూడు వేర్వేరు సంగతులేమో అనుకుంటారు. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని బడిలో నేర్పిన సంగతి గైడ్ రాసేటప్పుడు మర్చిపోవాలి. అలాగే "మీరు" అని మొదలుపెట్టి మధ్యలో "నువ్వు"లోకి జారకండి. వేర్వేరు రోజుల్లో రాసిన పేరాల్లో ఇది తరచూ జరుగుతుంది.

చివరగా గొంతెత్తి చదవండి. నాలుక తడబడిన చోటు గుర్తుపెట్టి అక్కడ వాక్యం తిరగరాయండి. దీన్ని మించిన ఎడిటింగ్ టూల్ నాకు కనబడలేదు.

## 8. శీర్షిక

ఐదారు రాసి అందులోంచి ఎంచుకోండి, మొదట తట్టింది ఉంచేయకండి.

- "ఫోన్ స్టోరేజ్ గురించి పూర్తి సమాచారం": ఎవరికి ఏం దొరుకుతుందో తెలియదు.
- "మీ ఫోన్ ఫుల్ అయిందా? ఈ ఒక్క ట్రిక్ తెలిస్తే షాక్ అవుతారు!": లోపల ఆరు అడుగులున్నాయి, షాక్ అయ్యేది ఏమీ లేదు.
- "ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందా? ఫొటోలు పోకుండా ఖాళీ చేసుకునే విధానం": సమస్య ఉంది, ఫలితం ఉంది, షరతు కూడా ఉంది.

షాక్ శీర్షికలతో క్లిక్‌లు వస్తాయి, కాదనను. అలా వచ్చినవాళ్లు మీ పేరు చూసి రెండోసారి క్లిక్ చేయరు. కొత్తవాళ్లని తెచ్చుకోవడానికి ప్రతిసారీ ఇంకా పెద్ద షాక్ కావాలి.

సెర్చ్ ఫలితాల్లో పొడవైన శీర్షికలు తెర వెడల్పుని బట్టి తెగిపోతాయి, కాబట్టి ముఖ్యమైన మాటలు ముందుండాలి. మీ శీర్షికకీ పేజీలో ఉన్నదానికీ పొంతన కుదరకపోతే గూగుల్ తనంతట తాను వేరే శీర్షిక చూపించొచ్చు కూడా.

## 9. తెర మీద అమరిక

వెబ్ వాడకంపై పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన ఫలితం ప్రకారం, పరీక్షలో పాల్గొన్నవాళ్లలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి మాటా చదివినవాళ్లు 16 శాతమే. అప్పట్లో వాళ్లు చూసింది కంప్యూటర్ తెర. ఇప్పుడు బొటనవేలితో జరుపుకుంటూ పోయే ఫోన్ తెర మీద ఓపిక అంతకంటే ఎక్కువ ఉంటుందని ఆశించలేం.

- పేరాకి మూడు నాలుగు వాక్యాలు దాటనీయకండి. కంప్యూటర్లో చిన్నగా కనిపించే పేరా ఫోన్లో తెరంతా నిండిపోతుంది.
- వరస ముఖ్యమైతే అంకెలు, కాకపోతే చుక్కలు.
- బోల్డ్ అక్షరాలు ఒక తెరకి ఒకటి రెండు చోట్లే. అన్నీ బోల్డ్ అయితే ఏదీ కంటపడదు.
- తెలుగు అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ స్పేసింగ్ (వరసల మధ్య ఎడం) తెలుగుకి ఇరుకవుతుంది. మీ బ్లాగు థీమ్‌లో (పేజీ రూపురేఖల సెట్టింగ్‌లో) వీలుంటే 1.6 నుంచి 1.8 మధ్య పెట్టి చూడండి.
- డీటీపీలో (అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కూర్చే పనిలో) వాడే పాత ఫాంట్లతో టైప్ చేసింది నేరుగా అతికించకండి. అవి యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించే పద్ధతి) కావు, పేజీలో పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక మళ్లీ మొత్తం చదవండి. మార్పిడిలో వత్తులు తారుమారవుతుంటాయి.

## 10. బొమ్మలు

గైడ్‌లో బొమ్మ అలంకారం కోసం కాదు, మాటల్లో చెబితే తికమకగా ఉండే చోట కావాలి. మన పోస్టులో క్యాష్, డేటా బటన్లు పక్కపక్కన కనిపించే స్క్రీన్‌షాట్ అలాంటిది.

స్క్రీన్‌షాట్‌లో ఫోన్ నంబర్లు, చాట్ పేర్లు, నోటిఫికేషన్లు ఉంటే కత్తిరించండి లేదా ముదురు రంగుతో పూర్తిగా కప్పేయండి. లైట్‌గా బ్లర్ చేస్తే కొన్నిసార్లు చదవగలుగుతారు.

సెర్చ్‌లో దొరికినంత మాత్రాన బొమ్మ ఉచితం కాదు. అందరూ వాడుకునేలా బొమ్మలు పెట్టే వికీమీడియా కామన్స్ సైట్‌లో ప్రతి బొమ్మ పేజీలోనూ లైసెన్స్ రాసి ఉంటుంది. పేరు చెప్పమని ఉంటే తీసినవాళ్ల పేరు, లైసెన్స్ రెండూ బొమ్మ కింద ఇవ్వండి. ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకి జతచేసే వివరణలో) ఆ బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాయండి, చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ వినిపించేది అదే. అడుగులన్నీ బొమ్మ మీదే అక్షరాలుగా రాసి పెట్టడం మాత్రం వద్దు. కాపీ చేసుకోలేరు, ఫోన్లో పెద్దవి చేస్తే మసకబారతాయి, స్క్రీన్ రీడర్‌కీ సరిగ్గా అందవు.

## 11. పబ్లిష్ నొక్కే ముందు

పేజీ అడ్రస్‌ని తెలుగు అక్షరాల్లో వదిలేస్తే ఒక ఇబ్బంది ఉంది. కాపీ చేసి ఎక్కడైనా అతికించినప్పుడు చాలాచోట్ల అది శాతం గుర్తులు, అంకెలుగా మారిపోతుంది. ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. "తెలుగు" అనే మాటలో అక్షరాలూ గుణింతపు గుర్తులూ కలిపి ఆరు, అంటే ఆ ఒక్క మాటే 54 అక్షరాలు. అందుకే అడ్రస్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలతో పొట్టిగా పెట్టండి. పబ్లిష్ అయ్యాక మార్చకండి, మార్చక తప్పకపోతే పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్తదానికి పంపే రీడైరెక్ట్ పెట్టండి.

మెటా డిస్క్రిప్షన్ (సెర్చ్ ఫలితంలో శీర్షిక కింద కనిపించే వివరణ) రెండు వాక్యాల్లో రాయండి. గూగుల్ ప్రతిసారీ దాన్నే చూపించదు, పేజీలోంచి వేరే వాక్యం తీసుకోవచ్చు. అయినా రాయడానికి పట్టే సమయం తక్కువే.

ఆఖరి చెక్‌లిస్ట్:

- [ ] శీర్షికలో చెప్పింది పోస్టులో ఉందా?
- [ ] మొదటి పేరాలో జవాబు మొదలైందా?
- [ ] "చూడాలి" అని రాసుకున్నవన్నీ పూరించానా?
- [ ] ప్రతి హెచ్చరికా దాని అడుగు కంటే ముందే ఉందా?
- [ ] పోస్టు చూస్తూ అడుగులన్నీ మళ్లీ ఒకసారి చేశానా?
- [ ] ఫోన్లో ప్రివ్యూ చూశానా?
- [ ] లింకులన్నీ తెరుచుకుంటున్నాయా?
- [ ] ఈ విషయం తెలియని ఒకరు చదివారా, ఎక్కడ ఆగారు?

చివరిది చాలామంది వదిలేస్తారు. చదివి "బాగుంది" అన్నారంటే మీకేం ఉపయోగం లేదు. పోస్టు ఇచ్చి "ఇది చూసి చేయండి" అని పక్కన మాట్లాడకుండా కూర్చోండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ దిద్దండి.

## 12. పబ్లిష్ అయ్యాక: ఏది ఆగిపోయిందో కనిపెట్టి సరిచేయడం

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. మీ పేజీ ఏ వెతుకులాటలకి ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్‌లు వచ్చాయి, సగటున ఎన్నో స్థానంలో ఉంది అనేవి 16 నెలల వరకు చూపిస్తుంది. మొదటి వారంలోనే రోజూ చూసుకుని కంగారు పడకండి. కొన్ని వారాలు గడిచాక చూస్తే పనికొచ్చే సమాచారం ఉంటుంది. అప్పుడు కింది వాటిలో మీ పరిస్థితి ఏదో చూసుకోండి.

అసలు కనిపించడమే లేదు. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో (ఇది కన్సోల్‌లోనే ఉంటుంది) అడ్రస్ ఇచ్చి పేజీ ఇండెక్స్ అయిందో, అంటే గూగుల్ జాబితాలో చేరిందో లేదో చూడండి. ఇండెక్స్ అయి కూడా కనిపించకపోతే ఆ మాటల్లో ఎవరూ వెతకడం లేదేమో. ఈ గైడ్‌లో రెండో అడుగుకి, అంటే జనం ఏ మాటల్లో అడుగుతున్నారో చూడటానికి వెళ్లండి.

కనిపిస్తోంది, క్లిక్ రావట్లేదు. ముందు స్థానం చూడండి. బాగా కిందుంటే క్లిక్ రాకపోవడం మామూలే. మొదటి పేజీలోనే ఉండి రాకపోతే శీర్షిక మార్చండి. ఒకసారి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోతున్నారు. శీర్షిక ఇచ్చిన మాటకీ మొదటి పేరాకీ పొంతన లేదేమో చూడండి. ఒక్కోసారి జవాబు వెంటనే దొరికి కూడా వెళ్లిపోతారు, అది నష్టం కాదు.

మీరు అనుకోని ప్రశ్నకి జనం వస్తున్నారు. కన్సోల్‌లో "వాట్సాప్ వీడియోలు ఒకేసారి డిలీట్" లాంటిది పదేపదే కనిపిస్తే అది తర్వాతి పోస్టు. ఉన్నదానిలో ఇరికించకండి.

ఒకే సందేహం మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అడిగినవాళ్లకి జవాబిచ్చి వదిలేయకండి. ఆ జవాబు పోస్టులో సరైన అడుగు దగ్గర చేర్చండి. అడగని మిగతావాళ్లు అక్కడే ఆగి వెళ్లిపోయి ఉంటారు.

ఒకే ప్రశ్నకి మీవే రెండు పోస్టులు ఉన్నాయి. మంచిదాన్ని ఉంచి, రెండోదానిలో పనికొచ్చే పేరాలు అందులోకి తెచ్చి, రెండోదాని అడ్రస్ నుంచి మొదటిదానికి శాశ్వత రీడైరెక్ట్ పెట్టండి.

యాప్ అప్‌డేట్ వచ్చి మెనూ పేర్లు మారినప్పుడు పాత అడుగులు తప్పు దారి చూపిస్తాయి. మీరు రాసిన ప్రతి గైడ్‌కీ క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టుకుని, ఆ రోజు ఫోన్ చేతిలో పెట్టుకుని అడుగులన్నీ మళ్లీ చేయండి. ఏదైనా మారితే దిద్ది, "సవరించిన తేదీ" పక్కన ఏం మారిందో ఒక్క ముక్కలో రాయండి. ఏమీ మారకపోతే తేదీ అలాగే ఉంచండి.